పక్కన కూర్చున్న టీచరుగారు

టీచరుగారు పోయారన్న కబురు నాకు ఫోన్లో తెలిసింది. పొద్దున్నే మా ఆయన గుడి తలుపులు తీయడానికి వెళ్ళాక, నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. ఫోన్ చేసింది కండక్టరుగారు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, మా సంఘంలో టీచరుగారి తర్వాత పెద్దాయన ఆయనే. "అమ్మా, టీచరుగారు తెల్లారుజామున వెళ్ళిపోయారండి. నిద్రలోనేనంట" అని పెట్టేశారు.

చేతిలో తడి చీర అలాగే ఉంది. ఏడుపు రాలేదు. ముందు వచ్చింది సిగ్గు. ఆమె నాకొక పని అప్పగించి వెళ్ళారు. "నేను పోయాక చెప్పు" అన్న మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. అది చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పుకోవాలి. నా సంగతి మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. అంత గొప్ప మనిషి పోయిందని గుండె పగలాల్సిన నిమిషంలో, ఇక నేను నోరు తెరవాలి కాబోలు అని నేలలోకి కుంచించుకుపోయాను. మీకు ఆమెను గురించి చెప్పబోతూ ముందుగా ఈ మాట చెప్పేయడం మంచిదనిపించింది.

మాది రేపల్లె. మా ఆయన ఇక్కడ రామాలయంలో అర్చకుడు. టీచరుగారిది కూడా ఈ ఊరే. బాపట్లలో చాలాకాలం హిందీ టీచరుగా పని చేసి, రిటైరయ్యాక మళ్ళీ ఇక్కడికే వచ్చి చర్చి వీధిలో వాళ్ళ నాన్నగారి ఇంట్లో ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. సన్నగా, పొడుగ్గా, గంజిపెట్టిన నేత చీరలో నిటారుగా నడిచేవారు. వాచీ మణికట్టుకి లోపలివైపు పెట్టుకునేవారు. ఎండైనా వానైనా చేతిలో గొడుగు ఉండాల్సిందే. రైలు ఏ స్టేషన్లో ఆగినా పేరు బోర్డు మీద హిందీ అక్షరాలను పైకి చదివేవారు, క్లాసులో డిక్టేషన్ చెప్పినట్టు. అలా చదువుతున్నానన్న సంగతి ఆమెకే తెలిసేది కాదు.

మా సంఘం పేరు తోడు సంఘం. పేరంటే బోర్డు ఏమీ లేదు, అలా పిలుచుకుంటాం. మేం చేసే పని కూడా చెప్పుకుంటే చాలా చిన్నది. ఆసుపత్రికి వెళ్ళాల్సిన మనిషికి వెంట వచ్చేవాళ్ళు లేకపోతే మేం వెళ్తాం. రేపల్లె నుంచి రైల్లో తెనాలికో, బస్సులో బాపట్లకో తీసుకెళ్తాం. ఓపీ చీటీ దగ్గర నిలబడతాం, డాక్టరు చెప్పింది విని గుర్తుపెట్టుకుంటాం, లోపల పరీక్ష జరుగుతుంటే బయట సంచీ, చెప్పులు చూసుకుంటూ కూర్చుంటాం. చీకటి పడేలోగా ఇంటి దగ్గర దిగబెడతాం. అంతే.

అది ఎలా మొదలైందో టీచరుగారి నోటే విన్నాను. వాళ్ళమ్మగారిని తెనాలి ఆసుపత్రిలో చేర్చినప్పుడు, పక్క మంచం మీద నిజాంపట్నం నుంచి వచ్చిన ముసలాయన ఉండేవాడట. పడవల మీద తాళ్ళు లాగి లాగి చేతులు కాయలు కాచిన మనిషి. నర్సు వచ్చి నీతో ఎవరొచ్చారు తాతా అని అడిగినప్పుడల్లా తలుపు వైపు చూసి, వస్తన్నారమ్మా అనేవాడట. మర్నాడు కూడా అదే మాట. స్కానింగుకి తీసుకెళ్ళాలి, మనిషి తోడు కావాలంటే, టీచరుగారు లేచి నేనొస్తానన్నారట. మీరు ఏమవుతారండీ అని అడిగితే ఏం చెప్పాలో తోచక, "పక్క మంచం" అన్నారట. ఈ మాట చెప్పినప్పుడల్లా ఆమెకు నవ్వు వచ్చేది. ఆ పెద్దాయన బాగై ఇంటికి వెళ్ళాడు. తనకోసం ఎవరూ రాలేదన్న సంగతి మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదట. టీచరుగారు బస్సెక్కిస్తుంటే కూడా, మావోళ్ళు దారిలో ఉండుంటారు అన్నాడట.

తర్వాత ఆమె ఒక్కరొక్కరినీ పోగుచేశారు. కండక్టరుగారు, ఆయన రైలు కదలకముందే లోపలికి దూరి రోగికి కిటికీ సీటు సంపాదించడంలో దిట్ట. బాపట్లలో ఒక టైలరు, గురువారం మిషను మూతేసి అక్కడి ఆసుపత్రి చూసుకుంటాడు. నిజాంపట్నం నుంచి చేపలు తెచ్చి రేపల్లెలో అమ్మే సుబ్బులు, పొద్దుటి బేరం అవగానే కడుపుతో ఉన్న ఆడపిల్లల వెంట వెళ్తుంది. వారానికి ఒక పూట ఇవ్వగలిగితే చాలని టీచరుగారు అనేవారు. ఆదివారం సాయంత్రం ఆమె వసారాలో కలుసుకునేవాళ్ళం. జంతికలు, టీ, ఎవరు ఎవరి వెంట వెళ్ళాలన్న మాటలు. "జబ్బు చూడ్డానికి డాక్టరున్నాడు. ఎదురుచూడ్డానికి మనమున్నాం" అని ఆమె తరచు అనే మాట.

ఒకసారి ఊళ్ళో పెద్దవాళ్ళ క్లబ్బు ఒకటి, మనుషులు మంచివాళ్ళే, మా అందరికీ పేరు రాసిన చొక్కాలు కుట్టిస్తామని వచ్చారు. టీచరుగారు దణ్ణం పెట్టి వద్దన్నారు. వాళ్ళు నొచ్చుకున్నారు. వాళ్ళు వెళ్ళాక మాతో అన్నారు: మన చొక్కా మీద పేరుంటే, పక్కన కూర్చున్న మనిషి దిక్కులేని రోగి అని రైలంతా చదువుతుంది కదా.

ఇంత తెలిసిన మనిషికి సిగ్గు సంగతి ఒక్కటి తెలియదు. అది ఆమెకు ఆలస్యంగా తెలిసింది. అదే నేను చెప్పాల్సింది.

మూడేళ్ళ క్రితం నాకు పేగులో గడ్డ అని తేలింది. ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేశారు. పేగు అతికి మానేదాకా పైచివరను పొట్ట మీదకి తీసి, అక్కడ ఒక సంచి తగిలించారు. కొన్ని నెలల తర్వాత మళ్ళీ లోపల కలిపేస్తామని, ఇది అందరికీ చేసేదేనని డాక్టరు అన్నాడు. అందరికీ సరే. నేను అర్చకుడి భార్యను. తడిబట్టతో మడి కట్టుకుని నైవేద్యం వండిన చేతులు నావి. ఇప్పుడు నా మలం నా పొట్ట మీద సంచిలో, నా ప్రమేయం లేకుండా, ఎప్పుడు పడితే అప్పుడు నిండుతుంది. వంటింటి గడప తొక్కడం నాకు నేనే మానేశాను. మా ఆయన ఒక్క మాట అనలేదు. అనకపోవడం కూడా నాకు బాధగానే ఉండేది. ఊళ్ళో అడిగినవాళ్ళకి కడుపులో పుండు, ఆపరేషన్ అయింది అని చెప్పాం.

వారం వారం తెనాలి వెళ్ళి చూపించుకోవాలి. మా ఆయనకు గుడి వదిలి రావడం కుదరదు. మా అమ్మాయి విశాఖపట్నంలో పచ్చి బాలింత. మా తమ్ముడు బాపట్ల నుంచి మొదట్లో వచ్చాడు. తర్వాత ఈసారి కుదర్లేదక్కా అన్నాడు, ఆ తర్వాత ఫోన్ తియ్యలేదు. మా ఆయన గుళ్ళో కండక్టరుగారితో ఏదో మాటల్లో అన్నట్టున్నారు. ఇంటికొచ్చి, ఎవరో సంఘం వాళ్ళట, తోడొస్తారట అని మెల్లిగా చెప్పారు.

"నేనేమన్నా అనాథనా?" అన్నాను. ఇంటినిండా మనుషులున్న పుట్టిల్లు, మెట్టినిల్లు. ధర్మానికి తోడు తెచ్చుకునే గతి పట్టిందా అని ఆ పూట అన్నం తినలేదు. కానీ వెళ్ళక తప్పదు. మర్నాడు గుమ్మంలో గొడుగుతో టీచరుగారు నిలబడి ఉన్నారు.

మొదటి ప్రయాణాల్లో నేను ఆమెతో పెద్దగా మాట్లాడలేదు. ఆమె కూడా అడగలేదు. నా నీళ్ళ సీసా నేను తెచ్చుకున్నాను, ఆమె తనది తెచ్చుకున్నారు. తన డబ్బాలో ఇడ్లీ నాకు పెట్టబోయి మొహమాటపెట్టలేదు. డాక్టరు దగ్గర మాత్రం, నేను సిగ్గుపడి అడగనివన్నీ ఆమె అడిగారు, స్నానం ఎలా, నిద్ర ఎలా, సంచి ఊడితే ఏం చెయ్యాలి అని. నేను తల వంచుకుని నేల చూస్తూ కూర్చున్నాను.

అడిగినట్టే అది ఊడింది. వేసవి రోజు, తెనాలి వెళ్ళే రైలు, పెట్టె కిటకిటలాడుతోంది. వేమూరు దాటాక పొట్ట మీద వెచ్చగా తడి తగిలింది. చూసుకోనక్కర్లేకుండానే తెలిసింది. చీర కుచ్చిళ్ళలోకి జారుతోంది. కదిలితే ఎక్కువవుతుందని బిగుసుకుపోయాను. వాసన ముందు నాకు తెలిసింది, తర్వాత అందరికీ తెలిసింది. ఎదురుగా కూర్చున్న ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎవరో కిటికీ ఇంకా పైకి లేపారు. నిలబడ్డ ఒకాయన, పాపం కోపంగా కూడా కాదు, ఏంటండీ ఈ వాసన అన్నాడు.

టీచరుగారు లేచి నిలబడ్డారు. "మాదేనండీ" అన్నారు. "ఒంట్లో బాలేదు. కాస్త దారివ్వండి, వెళ్తున్నాం."

ఆవిడదే అనలేదు. మాదే అన్నారు. అప్పుడు నాకు ఆ తేడా తెలియలేదు. భూమి చీలిపోతే బాగుండుననుకుంటున్నాను. ఆమె నా భుజం చుట్టూ చెయ్యి వేసి, మనుషుల మధ్య నుంచి నడిపించి పెట్టె చివరికి తీసుకెళ్ళారు. రైలు బాత్రూము తలుపుకి గొళ్ళెం లేదు. తన వీపు తలుపుకి ఆనించి, తన చేతిసంచీలోంచి పాత నూలు చీర తీసి సగం చింపి ఇచ్చారు. కొళాయిలో నీళ్ళు సన్నగా వస్తున్నాయి. చాలకపోతే తన తాగే నీళ్ళు పోశారు. ఆమే కడిగారు, నా పొట్ట, నా కాళ్ళు, నా లంగా. కొత్త సంచి తగిలించడం ఆసుపత్రిలో చూసి నేర్చుకున్నట్టున్నారు, తగిలించారు. రైలు ఊగిపోతోంది. ఆమె గంజిచీర మీద నా మలం మరకలు.

నేను ఏడుస్తున్నాను. ఆమె నా మొహం తుడిచి, "సిగ్గెందుకండీ? ఒళ్ళన్నాక ఇవన్నీ ఉంటాయి. రండి, స్టేషనొస్తోంది" అన్నారు.

ఆ మాటకి నాకు కోపం వచ్చింది. నిజం చెబుతున్నాను. అంత చేసిన మనిషి మీద, ఆ ఒక్క మాటకి, మంట పుట్టింది. తనకేం, శుభ్రంగా నిలబడి చెబుతోంది అనిపించింది. కృతజ్ఞత కంటే ముందు కోపం వచ్చినందుకు మళ్ళీ ఇంకో సిగ్గు.

తర్వాతి వారం నేను రానని మా ఆయనతో చెప్పించాను. టైముకి ఆమె వచ్చారు. మా అరుగు మీద కూర్చున్నారు. నాకూ తెనాలిలో పనుంది, రైలు టైమయ్యేదాకా కూర్చుంటాను అన్నారు. ఏ పనీ లేదని మా అందరికీ తెలుసు. లోపల గదిలో నేను, బయట అరుగు మీద ఆమె. మా ఆయన మజ్జిగ ఇస్తే తాగారు. చివరికి నేనే బయటికి వచ్చాను. స్టేషనుకి నడుస్తుంటే ఆమె ఎండ నా మీద పడకుండా గొడుగు పట్టారు. ఆ రోజు రైల్లో ఆమె డబ్బాలో ఇడ్లీ అడిగి తిన్నాను.

రెండో ఆపరేషన్ అయి, పేగు కలిపి, సంచి తీసేశారు. ఒళ్ళు కుదురుకున్నాక ఒక ఆదివారం నేను ఆమె వసారాకి వెళ్ళాను. నన్ను చూసి అందరూ పక్కకి జరిగారు, ఒక ముక్కాలిపీట ఇచ్చారు. సోమవారం నాకు రాశారు. అప్పటి నుంచీ సోమవారాలు నావే. ఎంతమంది వెంట వెళ్ళానో లెక్కపెట్టలేదు. ఎవరితోనూ సిగ్గెందుకు అని మాత్రం అనలేదు. ఏం అనాలో తెలియక ఊరకే ఉండేదాన్ని.

పోయినేడు వానల్లో టీచరుగారు స్నానాలగదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. బాపట్లలో ఉండే ఆమె చెల్లెలు వచ్చి ఆపరేషన్ చేయించి, ఇంటికి తెచ్చి, ఒక ఆయాను కుదిర్చి వెళ్ళింది. మళ్ళీ నడుస్తారనుకున్నాం. నడవలేదు. మేం వంతులు వేసుకుని వెళ్ళేవాళ్ళం, కానీ ముందుగది దాటి ఎవరినీ రానిచ్చేవారు కాదు. లోపలి గదికి పాత చీర ఒకటి తెరగా కట్టించుకున్నారు. దాని వెనక నుంచే మాట్లాడేవారు. గొంతు మాత్రం ఎప్పటిలాగే, క్లాసు గొంతు. బాగున్నానండీ, సోమవారం ఎవరు వెళ్తున్నారు, ఆ గర్భిణీ పిల్ల వెంట సుబ్బులు వెళ్ళిందా అని మా సంగతులే అడిగేవారు. మేం పళ్ళు అక్కడ పెట్టి, సమాధానాలు చెప్పి, వచ్చేసేవాళ్ళం. బాగున్నారట అని ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఆయా లేదు. పిల్లాడికి జ్వరమని పొద్దున్నే వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది. ఇంట్లోకి అడుగుపెట్టగానే వాసన తగిలింది. ఆ వాసన నాకు తెలుసు.

"ఎవరు?" అన్నారు లోపల నుంచి.

నేనని చెప్పాను.

"ఇవాళ వద్దు. వెళ్ళిపో అమ్మా."

ఎప్పుడూ నన్ను మీరు అనేవారు. ఆ రోజు నువ్వు అన్నారు. నేను తెర దగ్గరిదాకా వెళ్ళి ఆగాను. ఆయా ఎక్కడని అడిగితే, వస్తుందిలే, దారిలో ఉండుంటుంది అన్నారు.

"నా ఒళ్ళు మీరు కడిగారు కదండీ" అన్నాను.

"అది వేరు."

"ఏంటండీ వేరు?"

వీధిలో ఐసుబండి గంట వినిపించి, వెళ్ళిపోయింది. నేను కదల్లేదు. లోపలికి దూసుకెళ్ళడం నా వల్ల కాలేదు. అలాంటి చోటికి పిలవకుండా వెళ్ళకూడదని నా ఒంటికి తెలుసు. చాలాసేపటికి, గుర్తుపట్టలేనంత చిన్న గొంతుతో, "రా" అన్నారు.

ఎంతసేపటి నుంచి అలా ఉన్నారో. పక్క తడిసి, ఆరి, మళ్ళీ తడిసింది. నన్ను చూడగానే మొహం గోడవైపు తిప్పుకున్నారు. నీళ్ళు వెచ్చబెట్టాను. బట్టలు తీశాను, ఒళ్ళు తుడిచాను. అంత పొడుగు మనిషి, చేతిలో ఎంత తేలికగా ఉన్నారో. చేతివేళ్ళతో కళ్ళు మూసుకుని, పలక పగిలిన పిల్లలా వెక్కిళ్ళు పెట్టారు. ఉతికిన చీర కట్టి, దుప్పటి మార్చి, దిండు సర్ది, మంచం పక్కన కూర్చున్నాను.

చివరికి ఇటు తిరిగారు. "ఇన్నేళ్ళూ అందరికీ సిగ్గెందుకు, సిగ్గెందుకు అని చెప్పుకొచ్చాను" అన్నారు. "ఒక్కరికీ ఆ మాట పనికొచ్చి ఉండదు. రైల్లో నీకూ అన్నాను. తప్పు అన్నాను అమ్మా."

"పోనీలెండి."

"పోనీలెండి కాదు. సంఘంలో చెప్పు. సిగ్గెందుకని ఎవరినీ అడగొద్దని చెప్పు. సిగ్గుంటుంది. అది పోయేది కాదు. అది ఉండగానే చెయ్యి పట్టుకోనివ్వాలి, అంతే."

ఆదివారం మీరే చెప్పొచ్చు కదా, అందరినీ ఈ గదిలోకే పిలుస్తానన్నాను. ఆమె దుప్పటి గడ్డం దాకా లాక్కున్నారు.

"నాకు సిగ్గు" అన్నారు.

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆమె కళ్ళలో మళ్ళీ నీళ్ళు తిరిగాయి. "నేను పోయాక చెప్పు" అన్నారు.

ఆ తర్వాత ఆమె బతికిన నెలల్లో నేను, ఆయాతో పాటు, రోజూ ఒక పూట వెళ్ళాను. ఆమె అలవాటుపడ్డారని అనను. ప్రతిసారీ మొహం గోడవైపు తిప్పుకునేవారు. ప్రతిసారీ రా అనేవారు. మిగతావాళ్ళు తెర ఇవతలే ఉండిపోయారు, ఆమె కోరిక అది. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు.

పోయాక, చర్చి ఆవరణలో ఆదరణ కూడిక, పోయినవాళ్ళని తలుచుకునే ప్రార్థన, పెట్టారు. మా ఆయన కూడా వచ్చారు, వెనక మగవాళ్ళ వైపు తలుపు దగ్గర కూర్చున్నారు. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. బాపట్ల నుంచి ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు, తెనాలి నుంచి ఒక ముసలి నర్సు, నిజాంపట్నం నుంచి రెండు ఆటోల నిండా ఆడవాళ్ళు. పాస్టరుగారు ప్రార్థన చేశాక ఒక్కొక్కరూ మాట్లాడారు. అన్నీ నిజాలే. తర్వాత ఒక పెద్దాయన లేచి, చివరిదాకా ఆ తల్లి ఎవరికీ భారం కాలేదు, ఒకరి చేత చేయించుకున్న మనిషి కాదు, అందరికీ చేసిన చెయ్యే తప్ప ఒకరి ముందు చాపిన చెయ్యి కాదు అన్నారు. అందరూ తలలు ఊపారు. సుబ్బులు కళ్ళు తుడుచుకుంది. కండక్టరుగారు చేతులు జోడించారు.

ఆ పొగడ్త ఇలాగే ఉండిపోతే, రేపు మంచాన పడిన ప్రతి మనిషీ ఆమెను తలుచుకుని తెర కట్టుకుంటాడు. నేను లేచాను. మైకు దగ్గరిదాకా వెళ్ళలేకపోయాను, ఉన్న చోటే నిలబడ్డాను.

"అది నిజం కాదండి" అన్నాను.

మనుషులు తిరిగి చూశారు. ఆ తర్వాత ఏ మాట ముందు, ఏ మాట వెనక అన్నానో గుర్తులేదు. నా పొట్ట మీద సంచి సంగతి చెప్పాను. అర్చకుడి భార్యగా నన్ను ఎరిగిన ఊరిముందు, రైల్లో జరిగింది చెప్పాను. టీచరుగారి గది సంగతి చెప్పాను, ఎక్కువ కాదు, అవసరమైనంత. ఆమె చెప్పమన్న మాట ఆమె అన్నట్టే చెప్పాను. చెప్తున్నంతసేపూ చెవులు కాలిపోతున్నాయి. కొంగు వేలికి చుట్టుకుంటూనే ఉన్నాను. వెనక్కి, మా ఆయన వైపు, చూడలేదు.

నేను కూర్చున్నాను. అప్పుడు కండక్టరుగారు, ఎవరితోనో కాదు, తనలో తాను అన్నట్టు అన్నారు. "నేను పళ్ళు గుమ్మంలో పెట్టి, బాగున్నారంట అని ఇంటికొచ్చేసేవాణ్ణి." అంత పెద్దమనిషి భుజాలు కదిలిపోతుంటే చూడలేక తల దించుకున్నాం. మా అందరిదీ అదే పని. ఆసుపత్రి బెంచీ మీద ముక్కూ మొహం తెలియనివాళ్ళ బాగున్నాను అన్న మాటను ఒక్కనాడూ నమ్మని సంఘం, మా టీచరుగారి మాటను మాత్రం నమ్మేసింది. నమ్మడం మాకు తేలిక గనక నమ్మింది.

బయటికి వస్తుంటే ఆమె చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. కోప్పడుతుందనుకున్నాను. మా అక్క నాక్కూడా చెప్పలేదమ్మా అంది, చెయ్యి వదలకుండా.

ఇంటికి వస్తుంటే మా ఆయన నాలుగడుగులు ముందు నడిచారు. మా సందు మలుపులో ఆగి, "మధ్యాహ్నం గుడి తలుపులు వేశాక నాకు ఖాళీయే కదా. ఊళ్ళో ఆసుపత్రి వరకైతే రాగలను. నాలాంటివాణ్ణి రానిస్తారా?" అన్నారు. అప్పట్లో నువ్వు వెళ్ళే రైలుకి నేను రాలేకపోయాను అన్నారు. రానిస్తారన్నాను.

మొన్న సోమవారం నేను తెనాలి వెళ్ళాను. చెరుకుపల్లి దగ్గర పల్లెటూరి నుంచి వచ్చిన ఇల్లాలు ఒకామె. దవడ మీద పుండు లేచి, ఒకవైపు మొహం రూపు మారింది. స్టేషన్లో కలిసినప్పటి నుంచి కొంగు మొహానికి అడ్డంగా పట్టుకునే ఉంది. రైల్లో పట్టుకుంది, వరసలో పట్టుకుంది, డాక్టరు తియ్యమంటే తీసి మళ్ళీ కప్పుకుంది. నేను ఏమీ అనలేదు. పక్కన కూర్చున్నాను.

తిరిగివచ్చేటప్పుడు సాయంత్రం రైలు ఖాళీగా ఉంది. వరిచేల మీద నుంచి చల్లగాలి వస్తోంది. భట్టిప్రోలు దాటేసరికి ఆమె నిద్రపోయింది, తల నా భుజం మీద వాలింది. పట్టు సడలి కొంగు ఒళ్ళోకి జారింది. ఎండపొడ కిటికీలోంచి వచ్చి, ఆ వాచిన దవడ మీద, తెరుచుకున్న పెదాల మీద పడుతోంది. నేను కప్పలేదు. భుజం తిమ్మిరెక్కినా కదలకుండా కూర్చున్నాను.